వీడు ఇల్లై

అంబత్తూరు ఎస్టేట్‌లో వాల్వుల కంపెనీ.
పొద్దున్నించీ ఇత్తడి ముక్కల్ని
వెర్నియర్ దవడల మధ్య పెట్టి
ఒప్పో తప్పో చెబుతాను.
సాయంత్రం ఐదున్నర దాటాక
నన్ను కొలుస్తారు.

ఇరవై రెండు వేల జీతం.
బాడుగ ఏడు వేలు దాటకూడదని
బస్ టికెట్ వెనక రాసుకున్నా.
అది చూసి బ్రోకర్ కదిరవేలు
నవ్వలేదు గానీ
గొంతు సవరించుకున్నాడు.

గేట్లకి అట్టముక్కలు వేలాడుతుంటాయి.
వాళ్ల అక్షరాలు నాకు రావు,
అతనే చదివి పెడతాడు: వీడు వాడగైక్కు.
బాడుగని వాడగై అంటారు, సరే,
మా నంద్యాల మాటకి మేనత్త వరస.
కానీ వీడు అంటే ఇల్లట!
మా వైపు వీడు అంటే విడిచిపెట్టు.
లేదా, ఇదిగో ఈ కదిరవేలు.

కొరట్టూరులో మూడో అంతస్తు.
వంటింట్లో నేను నిలబడితే
సిలిండర్ బయట నిలబడాలి.
ఎనిమిదిన్నర వేలు, పైన మెయింటెనెన్స్.
దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టాను, యాభై నాలుగు.
ఎక్కేటప్పుడు లెక్క గుర్తు రాలేదు.

విల్లివాక్కంలో ఇంటావిడ
ముందు నా చెప్పుల్ని చూసింది,
తర్వాత మెడలో ఏముందో చూసింది,
ఆ తర్వాత ఎంతో మర్యాదగా
"మీరు ఎవరు?" అంది.
పేరు చెప్పాను. పేరు కాదంది.
ఊరు చెప్పాను. ఊరూ కాదంది.
వాల్వులు చెక్ చేస్తానన్నాను.
నవ్వి, మంచినీళ్లిచ్చి,
ఎత్తి తాగమని సైగ చేసి
"వీడు ఇల్లై" అంది.
అట్ట ఇంకా గేటుకే ఊగుతోంది.

ఇల్లై అంటే లేదు.
ఉన్నవి రెండే మాటలు. మొదటిది వాళ్ల ఇల్లు,
రెండోదానిలో మా ఇల్లు దాక్కుని ఉంది,
అయినా రెండూ కలిపితే
ఇల్లు లేదనే అర్థం.
నలభై ఏడు నంబరు బస్సులో ఒంటికాలి మీద నిలబడి
ఇటు తిప్పి అటు తిప్పి చూశాను.
ఏ వైపు నించి కొలిచినా అంతే వచ్చింది.

పాడిలో నీళ్లు రోజు విడిచి రోజు,
కుళాయి కింద తెల్లటి ఉప్పు మీసం.
అయనావరంలో హాలుకి కిటికీ ఉంది,
కిటికీకి పక్కింటి గోడ ఉంది.
ఇంకోచోట ఒంటరి ఆడమనిషికి ఇవ్వరు.
"మొగుడు దుబాయిలో ఉన్నాడను,
పేరు కూడా ఒకటి అనుకో" అన్నాడు కదిరవేలు.
రెండు వీధుల దూరం
ఆ లేని మనిషికి పేరు వెతికాను.
ఏదీ నప్పలేదు.

చివరికి పట్టరవాక్కం.
రైలు పట్టాలకి ఒక గోడ ఇవతల
ఒక గది, దానికి తోకలా వంటగట్టు.
ఆరు వేల ఎనిమిది వందలు.
అడ్వాన్సు ఐదు నెలలు: మూడు ఇప్పుడు,
రెండు దీపావళి బోనస్ వచ్చాక.
ఓనరు ఫిలోమినా టీచరు, రిటైరై పదేళ్లు,
ఒక్కటే అడిగింది:
"నీకు నిద్ర గట్టిగా పడుతుందా?"
నేను ఆలోచించే లోపల
తిరువళ్లూరు లోకల్ వెళ్లింది.
ఊచలూ, గట్టు మీది అగ్గిపెట్టే, టీచరు కమ్మలూ
అన్నీ ఊగాయి.
అది పూర్తిగా పోయేదాకా ఆగి
"ఇదే," అంది, "ఇందుకే తక్కువ."
ఈ నెల్లాళ్లలో ఇంత నిజం
ఎవరూ చెప్పలేదు.

గోడకి మేకులు కొట్టకూడదట.
సరే. తగిలించడానికి
నా దగ్గర ఏం ఉందని!

మొదటి రాత్రి చాప ఒకటే.
గట్టు మీద స్టీలు గ్లాసు పెట్టి
దాని అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీశాను.
పదకొండుంబావు బండి వెళ్లాక లేచి
సంచిలోంచి వెర్నియర్ తీశాను,
నా సొంతది, పాలిటెక్నిక్‌లో కొన్నది.
గీత నించి గ్లాసు దాకా
రెండు మిల్లీమీటర్లు.

కంపెనీలో అయితే ముక్కని
ఎర్ర డబ్బాలో పడేస్తాను.
ఇక్కడ లైటు తీసేముందు
గ్లాసుని మళ్లీ గీత మీదికి జరిపి
పడుకున్నాను.